పుట్టుకా, పనా? – బౌద్ధాన్ని మన గడప నుంచి చదివితే

చీరాలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇరవై మందిమి దాకా కూర్చున్నాం. ఎరుకల, యానాది, సుగాలి పిల్లలు, వాళ్ళతో నలుగురైదుగురు టీచర్లు. ఆ రోజు మాట్లాడుకోవాలనుకున్న విషయం బౌద్ధం. డీఎస్సీకి చదువుతున్న ఒక చెల్లెలు లేచి అడిగింది: "నాలుగు ఆర్య సత్యాలు, అష్టాంగ మార్గం హైస్కూలు నుంచీ బట్టీ పడుతున్నాం సార్. మాది స్టువర్టుపురం అని చెప్పగానే రైల్లో పక్కనున్నవాళ్ళు బ్యాగు దగ్గరికి లాక్కుంటారు. ఆ దుఃఖం ఆ నాలుగింటిలో ఎక్కడుంది?"

మాలో ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయాం. పుస్తకాలు తిరగేశాం, పెద్దవాళ్ళను అడిగాం, మాలో మేము వాదించుకున్నాం. ఈ వ్యాసం ఆ చెల్లెలికి మేము బాకీపడ్డ జవాబు. ఇందులో ఏ మతంలోకీ రమ్మని పిలవడం లేదు, ఏ మతం నుంచీ పొమ్మనడం లేదు. ఒక మతాన్ని ఆదివాసీలు ఏ కొలతతో కొలవాలి అన్నదే మా విషయం.

మన చుట్టూ ఉన్న బౌద్ధం

బౌద్ధం అనగానే మనవాళ్ళకి బీహారు గుర్తొస్తుంది, లేకపోతే జపాను గుర్తొస్తుంది. కానీ భట్టిప్రోలు ఇప్పుడు మన బాపట్ల జిల్లాలోనే ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో ధాతువుల రాతి భరిణెలు బయటపెట్టాడు. వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు తెలుగు నేల మీద దొరికిన అతి పాత రాతల్లో లెక్క. కుబిరకుడనే రాజు పేరు ఆ రాతల్లో ఉంది. రాజు పేరుతో పాటు 'గోఠి' సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. గోఠి అంటే గోష్ఠి, ఇవాళ మనం కమిటీ అంటాం. ధాతువులు దాచే పని నలుగురూ కలిసి చేశారు, చేసినవాళ్ళు తమ పేర్లు రాయించుకున్నారు.

కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపానికి రాయి ఇచ్చినవాళ్ళలో విధికుడు అనే చర్మకారుడున్నాడు. తోలు పని చేసే మనిషి తన కుటుంబంతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలక ఇచ్చి, ఫలానా పని చేసేవాణ్ణి అని దాని మీదే చెప్పుకున్నాడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల ఇంట రాజు చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి పోషకురాలైంది. ఒకే ఇంట్లో రెండు దారులు నడిచాయి. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం ఉంది. అంటే ఒకప్పుడు ఈ పత్తి, మిరప పొలాల మధ్యనే బౌద్ధం ఊళ్ళ మతంగా బతికింది.

తర్వాత రాజులు చెయ్యి తీసేశారు, సముద్ర వ్యాపారం తగ్గింది, గుళ్ళు పెరిగాయి. బుద్ధుణ్ణి విష్ణువు అవతారంలో ఒకటిగా కలుపుకున్నారు. పల్నాడులోని చేజర్ల కపోతేశ్వరాలయం వెనక భాగం గుండ్రంగా, బౌద్ధ చైత్యం తీరున ఉండడం ఇప్పటికీ చూడొచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో భట్టిప్రోలు, అమరావతి స్తూపాల రాళ్ళూ ఇటుకలూ కట్టడాలకి తరలిపోయాయి. పేర్లు రాయించుకున్నవాళ్ళ పేర్లు కూడా వాటితో పోయాయి.

బుద్ధుడు చెప్పింది

బౌద్ధం మొదటి మాట దేవుడు కాదు, దుఃఖం. పుట్టడం, ముసలితనం, రోగం, చావు, కోరింది దొరకకపోవడం, ఇష్టం లేనివాటితో బతకాల్సి రావడం, ఇవన్నీ దుఃఖమే. దానికి కారణం తృష్ణ, అంటే తీరని ఆశ. కారణం ఉంది కాబట్టి దాన్ని తీసేయొచ్చు. తీసేసే దారి అష్టాంగ మార్గం: సరైన చూపు, సరైన సంకల్పం, సరైన మాట, సరైన పని, సరైన బతుకుతెరువు, సరైన ప్రయత్నం, సరైన ఎరుక, సరైన ఏకాగ్రత. ఇంటి దగ్గరుండేవాళ్ళకి పంచశీలం చాలు: చంపొద్దు, ఇవ్వనిది తీసుకోవద్దు, తప్పుడు సంబంధం వద్దు, అబద్ధం వద్దు, మత్తు వద్దు.

దీని అడుగున ఇంకో రెండు మాటలున్నాయి. ప్రతిదీ మారుతుంది (అనిత్యం). మారకుండా లోపల కూర్చునే 'ఆత్మ' అనేది లేదు (అనాత్మ). పిల్లలకి ఇవి కష్టమని టీచర్లు వదిలేస్తుంటారు. మనకి అసలు పనికొచ్చేవి ఇవే. మనిషిలో మారని సారం ఏదీ లేదంటే 'దొంగ జాతి' అనే మాటకి నిలబడే చోటే లేదు. జాతికి ఒక మారని గుణం ఉందనుకున్నవాడే ఆ మాట అనగలడు.

అవే ప్రశ్నలు, వేరే జవాబులు

మతాలను పోల్చాలంటే ఏది గొప్ప అని అడిగితే తగువే మిగులుతుంది. అన్నింటినీ ఒకే ప్రశ్నలు అడగాలి. లోకాన్ని ఎవరు చేశారు? మనిషి ఎందుకు బాధపడుతున్నాడు? ఎవరు గట్టెక్కిస్తారు? చచ్చాక ఏమవుతుంది? లోపలికి ఎవర్ని రానిస్తారు?

క్రైస్తవం, ఇస్లాం రెండూ లోకాన్ని ఒకే దేవుడు చేశాడంటాయి. మనిషికి ఒకటే జన్మ, చివర తీర్పు ఉంటుంది. క్రైస్తవంలో బాధకి మూలం పాపం, గట్టెక్కించేది క్రీస్తు కృప. ఇస్లాంలో దేవుడికి తలవంచడం, ఆయన చెప్పిన దారిన నడవడం, ఒకరి బరువు ఇంకొకరు మోయకపోవడం ముఖ్యం. నమాజు వరసలో కూలీ, యజమాని భుజం భుజం కలిపి నిలబడతారు. హిందూ మతంలో ఒకే జవాబు లేదు. ఆత్మ ఉంది, కర్మ ఉంది, మళ్ళీ పుట్టడం ఉంది, జ్ఞానం, భక్తి, కర్మ అనే దారులున్నాయి. వాటితో పాటు వర్ణమూ ఉంది. ఎవరు ఏ గడప దాకా రావచ్చో అదే చెప్పింది. జైనం బౌద్ధంలాగే సృష్టికర్త లేడంటుంది, కానీ ప్రతి ప్రాణిలో జీవుడున్నాడంటుంది, అహింసను ఇంకా కఠినంగా పట్టుకుంటుంది.

బౌద్ధం లోకాన్ని ఎవరు చేశారనే ప్రశ్నని పక్కన పెట్టింది. బాణం తగిలినవాడు ముందు బాణం తీయించుకోవాలి, వేసినవాడి కులగోత్రాలు తర్వాత చూసుకోవచ్చు అన్నది దాని ధోరణి. గట్టెక్కించే దేవుడు లేడు, దారి చూపించేవాడున్నాడు, నడవాల్సింది నువ్వే. లోపలికి ఎవరైనా రావచ్చు. శాక్య రాకుమారులు, వాళ్ళ మంగలి ఉపాలి కలిసి సంఘంలో చేరడానికొస్తే, రాకుమారుల గర్వం అణగాలని ఉపాలికి ముందు దీక్ష ఇచ్చారు. తర్వాత వచ్చిన రాకుమారులు ముందొచ్చిన మంగలికి దణ్ణం పెట్టారు. పాకీపని చేసే సునీతుడు సంఘంలో పెద్ద అయ్యాడు. మనిషి హీనుడయ్యేది పుట్టుకతో కాదు పనితోనేనని బుద్ధుడు చాలాచోట్ల తేల్చి చెప్పాడు.

ఇంతవరకూ పాఠ్యపుస్తకాలు కూడా ఒప్పుకుంటాయి. మన చెల్లెలి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

నలుగురు దొంగలు

వెతుకుతుంటే మాకొక విచిత్రం కనబడింది. పెద్ద మతాలన్నీ ఒక్కో దొంగ కథ చెబుతాయి.

వాల్మీకిది మనకు తెలిసిందే. జనంలో ఉన్న కథ ప్రకారం ఆయన దారులు కొట్టే బోయవాడు. నీ పాపంలో వాటా తీసుకుంటారేమో ఇంట్లో అడిగి రమ్మన్నారు ఋషులు. భార్యా పిల్లలూ మాకొద్దన్నారు. ఆ దెబ్బతో మారి, చుట్టూ పుట్ట పెరిగేదాకా తపస్సు చేసి కవి అయ్యాడు. బైబిల్లో యేసు పక్కన సిలువ వేసిన ఇద్దరు దొంగలున్నారు. వాళ్ళలో ఒకడు నన్ను తలుచుకోమని అడిగాడు, ఆ రోజే పరదైసులో తనతో ఉంటాడని యేసు మాటిచ్చాడు. ఇస్లాంలో ఫుదైల్ ఇబ్న్ ఇయాద్ బాటసారులను దోచేవాడు. ఒక రాత్రి గోడెక్కుతూ ఖురాను చదువుతున్న గొంతు విని ఆగిపోయాడు. ఆ తర్వాత పేరున్న సాధువయ్యాడు.

బౌద్ధంలో అంగులిమాలుడు. చంపినవాళ్ళ వేళ్ళు దండ కట్టుకు తిరిగేవాడు. బుద్ధుడు ఎదురై నేను ఆగిపోయాను, నువ్వే ఆగలేదు అన్న అర్థంలో మాట్లాడితే కత్తి పారేసి భిక్షువయ్యాడు. కోసల రాజు పసేనది అయిదు వందల గుర్రాలతో అతణ్ణి పట్టుకోడానికి బయల్దేరాడు. భిక్షువుగా కూర్చున్న అతణ్ణి చూసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. జనం మాత్రం ఊరుకోలేదు. అతను భిక్షకు వెళితే రాళ్ళేశారు. తల పగిలి, గిన్నె పగిలి తిరిగొచ్చాడు. ఓర్చుకో అన్నాడు బుద్ధుడు.

నాలుగు కథలూ మనకి దగ్గరివే. నాలుగింటిలోనూ దొంగ మారగలడు. వాల్మీకి కథ ఇంకో మాట కూడా చెబుతుంది: చేసిన పనిలో ఇంట్లోవాళ్ళకి వాటా లేదు. 1911 నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చినప్పుడు ఆ వాటాను తెగ మొత్తానికీ పంచింది. తొట్టిలో పిల్లకి కూడా పంచింది. రామాయణం పారాయణ చేసే ఊళ్ళేవీ అప్పుడు ఆ కథను గుర్తు చేసుకోలేదు.

అంగులిమాలుడి కథలో మనల్ని పట్టి ఆపేది రాళ్ళ దెబ్బలే. మారినవాణ్ణి బుద్ధుడు ఒప్పుకున్నాడు, రాజు ఒప్పుకున్నాడు, వీధి ఒప్పుకోలేదు. రైల్లో బ్యాగు దగ్గరికి లాక్కునే చెయ్యి ఆ వీధిదే. తేడా ఒక్కటే. అంగులిమాలుడు చంపాడు, మన చెల్లెలు డీఎస్సీకి చదువుతోంది.

దొంగతనం ఎక్కడ పుట్టింది?

నాలుగు కథలకీ ఒక లోపం ఉంది. దొంగతనం ఒక మనిషి మనసులో పుట్టినట్టు, ఆ మనసు మారితే పోయినట్టు చెబుతాయి. అసలెందుకు పుట్టిందని అడగవు.

బౌద్ధంలోనే ఆ ప్రశ్న అడిగిన చోటుంది. దీఘ నికాయంలో కూటదంత సుత్తం. మహావిజితుడనే రాజు పెద్ద యజ్ఞం చేద్దామనుకుంటాడు. రాజ్యంలో మాత్రం దోపిడీలు ఎక్కువగా ఉన్నాయి. పురోహితుడు చెప్పే సలహా ఇది: చంపినా, చెరసాలలో వేసినా, దేశం నుంచి తరిమినా దొంగతనం పోదు, మిగిలినవాళ్ళు మళ్ళీ లేస్తారు. సేద్యం చేసేవాడికి విత్తనాలివ్వు, వ్యాపారం చేసేవాడికి పెట్టుబడివ్వు, కొలువు చేసేవాడికి కూలి సరిగ్గా ఇవ్వు. రాజు అలాగే చేశాడు. జనం తలుపులు తీసి పడుకున్నారు. అదే నికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం ఇంకా సూటిగా, లేనివాళ్ళకి రాజు ఇవ్వకపోవడంతో పేదరికం పెరిగింది, పేదరికంతో దొంగతనం వచ్చింది అంటుంది.

న్యాయంగా చెప్పాలంటే మిగతా మతాల్లోనూ పేదవాడి మాట ఉంది. బైబిలు ప్రవక్తలు ధనికులను తిట్టారు, ఇస్లాంలో జకాత్ విధి. కానీ దొంగను శిక్షించే ముందు అతని చేతికి పనీ పెట్టుబడీ ఇవ్వమని పాలకుడికే చెప్పిన ఈ సలహా మన చరిత్రకి అద్దంలా సరిపోతుంది.

మన చరిత్ర ఏమిటి? చినగంజాం ఉప్పు కొఠార్లు చీరాలకి దక్షిణాన ఉన్నాయి. ఇలాంటి తీరం నుంచి ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీద ఎద్దుల మీద లోపలి ఊళ్ళకి చేర్చి, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చింది ఎరుకలవాళ్ళే. కంపెనీ ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం చేసుకుంది, తర్వాత రైలొచ్చింది. తిరుగుడు వ్యాపారం కుప్పకూలింది. తిరిగే అలవాటు మిగిలింది, తిరగడానికి కారణం పోయింది. పోలీసు కంటికి తిరిగేవాడు దొంగయ్యాడు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన పుస్తకంలో ఈ క్రమాన్ని వివరంగా రాశారు. ఎరుకల పిల్లలందరూ, టీచర్లందరూ దాన్ని చదవాలని మా కోరిక.

చట్టం వచ్చిన రెండేళ్ళకి, 1913లో, ఇక్కడ సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. నడిపే పని క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. బడి పెట్టారు, అక్షరం నేర్పారు. ఆ మేలు మనం కాదనం. దాంతో పాటే రిజిస్టరు, వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే పాసు. చీరాలలో పొగాకు ఫ్యాక్టరీ వచ్చాక దానికి చవక కూలీలు సెటిల్మెంటు నుంచే వెళ్ళారు. సిలువ మీది దొంగకి ఆ రోజే విడుదల దొరికింది. ఆ సిలువ పేరు చెప్పుకున్న సంస్థ నిఘాలో మన తాతలు రోజూ హాజరు వేయించుకున్నారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. ఊరి పేరు మాత్రం 1991 నాటికి సినిమా టైటిలైంది.

ఇప్పుడు చెల్లెలి ప్రశ్నకి సగం జవాబు చెప్పగలం. దుఃఖానికి కారణం తృష్ణ అన్నప్పుడు ఎవరి తృష్ణ అని అడగాలి. రైల్లో ఆమె పడ్డ దుఃఖం ఆమె ఆశ వల్ల రాలేదు. ఉప్పు మీద, చవక కూలి మీద ఇంకెవరికో ఉన్న ఆశ వల్ల వచ్చింది. రెండో ఆర్య సత్యాన్ని కూటదంత సుత్తంతో కలిపి చదివితే ఈ అర్థం దొరుకుతుంది. ఒంటరిగా చదివితే, నీ కష్టానికి నీ కోరికే కారణం, ఓర్చుకో అని పేదవాడికే నీతి చెప్పే పాఠమైపోతుంది. బళ్ళో మనం నేర్చుకున్నది ఆ ఒంటరి పాఠమే.

బౌద్ధాన్నీ నిలదీయాలి

కుల వివక్షను కాదన్నంత మాత్రాన బౌద్ధం దగ్గర తప్పులే లేవనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. మేము మూడు చోట్ల ఆగాం.

మొదటిది వినయ పిటకం. అంగులిమాలుణ్ణి చేర్చుకున్నందుకు జనం గొణిగారు. దాంతో పేరుమోసిన దొంగకి ఇకముందు దీక్ష ఇవ్వకూడదని నియమం వచ్చింది. దాని వెనకే వరసగా ఇంకొన్ని. చెర తప్పించుకొచ్చినవాడు వద్దు. కొరడా దెబ్బలు తిన్నవాడు వద్దు. వాత పెట్టించుకున్నవాడు వద్దు. అప్పున్నవాడు వద్దు, దాసుడు వద్దు. ఆ వరసలో 'లిఖితక చోరుడు' కూడా ఉన్నాడు, అంటే రాజు దగ్గర పేరు రాసిపెట్టిన దొంగ. ఇది చదివినప్పుడు మాలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పేరు రాసిపెట్టిన దొంగ! మన తాతల పేర్లన్నీ రాసిపెట్టినవే. సైనికులను చేర్చుకుంటే బింబిసారుడికి కోపం, అప్పులవాణ్ణి చేర్చుకుంటే అప్పిచ్చినవాడికి కోపం. రాజుతో, యజమానితో తగువు లేకుండా బతకడానికి సంఘం రాజు రిజిస్టరును తన గుమ్మం దగ్గర పెట్టుకుంది. ఒక తేడా మాత్రం చెప్పాలి. ఆ నియమం చేసిన మనిషినే ఆపింది, అతని కొడుకుని ఆపలేదు. గృహస్థుగా ఎవరైనా ధమ్మాన్ని పట్టుకోవచ్చు. అయినా ఆ గుమ్మం దగ్గర సంఘం వెనక్కి తగ్గిందన్నది నిజం. భిక్షుణులకి పెట్టిన ఎనిమిది షరతులూ ఇలాంటివే. నూరేళ్ళ సీనియారిటీ ఉన్న భిక్షుణి కూడా ఆ రోజే చేరిన భిక్షువుకి నమస్కరించాలి.

రెండోది కర్మ. మనసులోని ఉద్దేశమే కర్మ అని బుద్ధుడు దాని అర్థం మార్చాడు. అది పెద్ద మార్పు. కానీ చూళ కమ్మ విభంగ సుత్తం లాంటి చోట్ల పేద ఇంట, తక్కువ కులంలో పుట్టడానికి గత జన్మ పనులు కారణమన్న జవాబూ ఉంది. అది ఎవరి చేతిలో పడితే వాళ్ళ ఆయుధం. యానాది పాలేరుతో, పోయిన జన్మలో చేసుకున్నావు అని చెప్పడానికి మన ఊళ్ళో పెత్తందారుకి అంతకన్నా ఏం కావాలి? 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం తీసుకున్న అంబేద్కర్ ఈ చిక్కును గట్టిగా పట్టుకున్నారు. ఆయన మరణం తర్వాత 1957లో వచ్చిన 'బుద్ధుడు – అతని ధమ్మం'లో, గత జన్మ ఫలంగా పేదరికాన్ని చూపించడాన్ని ఆయన ఒప్పుకోలేదు. 'అంటరానివారు' ముందుమాటలో నేరస్థ తెగలను, ఆదివాసీలను, అంటరానివారిని ఒక్కచోట చేర్చి, ఈ మూడు సమూహాలను తయారుచేసిన నాగరికత ఎలాంటిదని ప్రశ్నించిందీ ఆయనే. మనం బౌద్ధాన్ని చదివితే ఆయన వేసిన ఆ జల్లెడ పట్టుకునే చదవాలి.

మూడోది బతుకుతెరువు. ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాలు చెప్పారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ఎరుకల ఇంట పంది అంటే పిల్లవాడి ఫీజు, ఆసుపత్రి ఖర్చు, పెళ్ళి భోజనం. వాడరేవు వైపు యానాదికి పీత, చేపే కూడు. తన కోసమని చంపింది కాకపోతే భిక్షువు మాంసం తినొచ్చు. తిన్నవాడికి లేని తప్పు అమ్మినవాడికి ఎలా వచ్చింది? దీనికి బౌద్ధుల దగ్గర మాకు నచ్చిన జవాబు దొరకలేదు. అయితే ఒక కథ దొరికింది. బుద్ధుడి చివరి భోజనం చుందుడనే కమ్మరి ఇంట్లో. ఆయనకి పెట్టిన 'సూకర మద్దవం' మెత్తని పంది మాంసమని కొందరు, పుట్టగొడుగు లాంటిదని కొందరు అంటారు. అది తిన్నాక జబ్బు పెరిగింది. ఆ స్థితిలో బుద్ధుడు ఆలోచించింది చుందుడి గురించే. నా అన్నం వల్లే ఆయన పోయాడని అతను కుమిలిపోకూడదు, ఎవరూ అతణ్ణి నిందించకూడదు, అదీ పుణ్యమైన భోజనమేనని చెప్పమని ఆనందుణ్ణి ఆదేశించాడు. నియమాల బుద్ధుడి కన్నా ఈ బుద్ధుడు మనకి దగ్గర. పెట్టిన చేతి మీద నింద పడకుండా చూసుకున్నాడు.

మన దేవతలు, మన పంచాయితీ

పోలికలో మనల్ని కూడా పెట్టుకోవాలి. లేకపోతే మనం ఖాళీ కుండలం, ఎవరో వచ్చి నింపాలి అన్నట్టుంటుంది. సెటిల్మెంటు అలాగే అనుకుంది, ఇవాళ మనల్ని పిలిచేవాళ్ళలోనూ చాలామంది అలాగే అనుకుంటారు.

పోలేరమ్మ, అంకమ్మ, ఎరుక చెప్పే అవ్వ తలుచుకునే కొల్లాపురమ్మ, యానాదుల చెంచు దేవుడు, సుగాలీల మేరమ్మ, సేవాలాల్. వీళ్ళెవరికీ ఒక పుస్తకం లేదు, మతం మార్చే ప్రచారకులు లేరు. ఈ లోకాన్ని విడిచి పోవాలన్న తొందర లేదు. వాన, పంట, పిల్లల ఆరోగ్యం, పోయిన పెద్దల దయ, ఇవే కోరికలు. బౌద్ధం దుఃఖం నుంచి విడుదల అడిగితే మన పూజ రోగం పోయి మళ్ళీ పనికెళ్ళే బలం అడుగుతుంది. మనకి జన్మతో దొంగ అనే మాటే లేదు. నేల అందరిదన్నప్పుడు దొంగతనానికి చోటు తక్కువ.

ఇంకో పోలిక మనకి గర్వం. బుద్ధుడు పుట్టిన శాక్యులది గణం. వజ్జి గణం తరచూ కూడి, కలిసి లేచి, పెద్దల మాట విని, ఆడవాళ్ళ మీద బలాత్కారం చేయకుండా ఉన్నంతకాలం చెడదని ఆయన అన్నాడు. తన సంఘానికి కూడా అలాంటి సూత్రాలే పెట్టాడు. కర్రపుల్లలతో ఓటేయడం, ఉన్నది పంచుకోవడం ఆ సంఘంలో ఉన్నాయి. రాజ్యాలు తెగలను మింగుతున్న కాలంలో బుద్ధుడు తెగ సభను సంఘంగా కాపాడుకున్నాడని దేవీప్రసాద్ చటోపాధ్యాయ 'లోకాయత'లో వాదించారు. బౌద్ధం మనకి కొత్తగా ఇస్తున్నామంటున్న సమానత్వంలో కొంత మనలాంటివాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

అలాగని మన తప్పులు దాచొద్దు. మన కుల పంచాయితీలో చాలాచోట్ల ఆడవాళ్ళకి మాట లేదు. తప్పు ఒకడు చేస్తే తప్పు డబ్బులు ఇంటి మొత్తం మీద వేస్తాం. ఆ 1911 చట్టం కూడా ఇదే చేసింది. అక్కడ తప్పైంది ఇక్కడ ఆచారం కాదు.

యువతకి, టీచర్లకి

ఒక అపోహ తీసేయాలి. మతం మారితే ఎస్టీ సర్టిఫికెట్టు పోతుందని చాలామంది భయపెడుతుంటారు. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. మొదట హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. ఎరుకల పిల్ల పోలేరమ్మకి మొక్కినా, చర్చికి వెళ్ళినా, బుద్ధుడి ముందు దీపం పెట్టినా ఎస్టీనే. కాబట్టి భయంతో ఉండిపోవద్దు, ఆశతో మారిపోవద్దు. చదివి, పోల్చి, తేల్చుకోవాలి.

టీచర్లకి మా విన్నపం. బౌద్ధం పాఠాన్ని నాలుగు మార్కుల ప్రశ్నగా వదిలేయకండి. పిల్లల్ని ఒకరోజు భట్టిప్రోలు తీసుకెళ్ళండి. రాజు పేరు పక్కన గోఠి సభ్యుల పేర్లు ఎందుకున్నాయో అడగండి. అంగులిమాలుడి కథ చెప్పాక రాయేసినవాడి గురించి కూడా మాట్లాడించండి. కూటదంత సుత్తం కథను చినగంజాం ఉప్పుతో కలిపి చెప్పండి. మీ క్లాసులో ఎరుకల పిల్ల ఉంటే ఆ రోజు ఆ పిల్ల తలెత్తి కూర్చుంటుంది.

మేము పెట్టుకున్న కొలత ఒకటే. ఏ మతమైనా మనిషిని పుట్టుకతో తూస్తుందా, పనితో తూస్తుందా? పనితో తూస్తే, ఆ పని వెనకున్న ఆకలిని కూడా తక్కెడలో వేస్తుందా? మొదటి ప్రశ్నకి బౌద్ధం మిగతావాటికన్నా ముందుంది. రెండోదానికి కూటదంత సుత్తంలో నిలబడింది, వినయ నియమాల్లో తడబడింది. మనం నిలబడ్డచోటే దాన్ని పట్టుకుందాం.

ఆ చెల్లెలికి ఈ వ్యాసం అచ్చుకి ముందే చదివి వినిపించాం. అంతా విని, "జవాబు బానే ఉంది సార్. రైల్లో బ్యాగు లాక్కునేవాళ్ళకి ఎవరు చదివి వినిపిస్తారు?" అంది. దానికి మా దగ్గర ఉన్నది ఒక చిన్న పనే. అంగులిమాలుడి కథను కుర్రు బాసలో రాయమని ఆమెనే అడిగాం, తెలుగులోకి తర్వాత మార్చుకుందామన్నాం. రాళ్ళేసిన వీధి దగ్గర నుంచి మొదలుపెడతానంది. వచ్చే సమావేశంలో వింటాం.